తగు చర్య నిమిత్తం: ఒక బందరు ఫైలుకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మెదకు సీమలోని కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం ఆయనకు పెద్ద కష్టం కాలేదు, ఎదురుగా ఉన్నది కాళిదాసు మరి. ఈ వ్యాఖ్యాతకు ఎదురుగా ఉన్నది ప్రభుత్వ కాగితం. మూలంలో ఉన్నదే రాయాలంటే ఒక వరస కూడా నిండదు.

అయినా వదలడానికి వీల్లేదు. కృష్ణా జిల్లాలో రఘువంశం చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఈ వాక్యం చదవని గుమస్తా మాత్రం ఒక్కడూ దొరకడు. బందరు కలెక్టరేటులో పుట్టి, ఒక పాయగా గుడివాడ ఆర్డీవో కార్యాలయానికీ, మరో పాయగా దివిసీమ చివర నాగాయలంక, కోడూరు దాకా పారే వాక్యం ఇది. కృష్ణ కూడా పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది కానీ చివరికి సముద్రంలో కలుస్తుంది. ఈ వాక్యానికి ఆ భాగ్యమూ లేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పిన ఊళ్లో, విశ్వనాథ సత్యనారాయణ ఆయన ఎదుట కూర్చుని విన్న ఊళ్లో, కర్త లేని వాక్యం ఒకటి ఇంత నిక్షేపంగా బతుకుతోందంటే దాని బలమేమిటో చూడవలసిందే. పై అధికారి నడిపించే తీరు, కిందివాడి చేతిలో పెట్టే అధికారం, ఆఖరికి జరిగే పని, ఈ మూడింటి చుట్టరికం మీద మేనేజ్‌మెంటు పుస్తకాలు బీరువాలకు బీరువాలు వచ్చాయి. వాటి సారమంతా ఈ ఆరు మాటల్లో తలకిందులుగా వేలాడుతోంది.

ఫైలు కల్పితం. వాక్యం మాత్రం నిజం.

మూలం

"పై విషయమై తగు చర్య నిమిత్తం పంపడమైనది."

ప్రకరణం

నాగాయలంక మండలంలో కాలువ శివారున రెండెకరాల రైతు. నారుమడి నెర్రెలిస్తోంది. సోమవారం పొద్దున్నే బందరు బస్సెక్కి, కలెక్టరేటులో అర్జీల వరసలో నిలబడి, కాగితం ఇచ్చి, సెల్లుకు నంబరు వచ్చిందో లేదో చూసుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లాడు. అర్జీలో ఉన్నది ఒక్క కోరిక. మా బోదెకు నీళ్లు రావడం లేదు, ఇప్పించండి. ఆ కాగితం జలవనరుల శాఖలో ఎస్‌ఈ గారి బల్ల మీద వాలింది. ఆయన ఈఈ గారికి పంపారు. ఈఈ గారు డీఈకి, డీఈ ఏఈకి, ఏఈ వర్క్ ఇన్‌స్పెక్టరుకు, వర్క్ ఇన్‌స్పెక్టరు కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరుకు. ప్రతి మెట్టు మీదా అదే వాక్యం, కింద వేరే సంతకం. లస్కరు కింద ఇంకెవరూ లేరు, కాలువ తప్ప.

ప్రతిపదార్థం

పై విషయమై = పైన పేర్కొన్నట్టిదీ, పేర్కొన్నవారు పూర్తిగా చదవనట్టిదీ అయిన సంగతి గురించి; తగు = ఏది తగునో పంపినవారు చెప్పనట్టి; చర్య = కదలిక, లేదా కదిలినట్టు కాగితం; నిమిత్తం = కొరకు, వంకతో; పంపడమైనది = పంపుట అనేది జరిగిపోయింది, ఎవరు పంపారని అడగరాదు.

తాత్పర్యం

ఓ కింది అధికారీ! ఈ రైతు మొర నా దాకా వచ్చింది. ఏం చేయాలో నాకు తెలియదు. తెలిసినా రాయను, రాస్తే రేపు నా మెడకే చుట్టుకుంటుంది. నువ్వు ఏదో ఒకటి చెయ్యి. నీళ్లు వస్తే సమీక్షా సమావేశంలో నేను చెబుతాను, గట్టు తెగితే సంజాయిషీ నువ్వు రాయి, అని భావము.

వ్యాకరణ విశేషం

తెలుగు క్రియ ఎంత పొదుపరో చూడండి. 'పంపాను' అంటే చాలు, కర్త అందులోనే ముడుచుకుని కూర్చుని ఉంటాడు. 'నేను' అని వేరే చెప్పనక్కర్లేదు. ఇంత పొదుపైన భాషలోంచి కర్తను పీకేయడం చిన్న పని కాదు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని బడిలో తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. అన్నం నాచే తినబడినది అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. ఆఫీసు మాత్రం అంటుంది. 'పంపబడినది' మరీ పాఠ్యపుస్తకంలా ఉందని 'పంపడమైనది' దగ్గర స్థిరపడింది. వాన పడింది, తెల్లవారింది, పంపడమైంది. మూడూ ఒకే జాతి, మనిషి ప్రమేయం లేకుండా జరిగేవి. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరి చేతికీ అంటదు.

ఇక 'తగు'. వాక్యానికి ప్రాణం ఇక్కడుంది.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. ఫలితాలు 1939లో అచ్చయ్యాయి. బడి వదిలాక పిల్లలు గుంపులుగా కూర్చుని ముఖానికి పెట్టుకునే మాస్కుల వంటివి తయారు చేయాలి. ఒక గుంపుకు పెద్దాయన ప్రతి మెట్టూ తానే చెబుతాడు, తర్వాతి మెట్టు ఏమిటో ముందు చెప్పడు. ఇంకో గుంపులో పెద్దాయన పిల్లలతో మాట్లాడి, ఎలా చేద్దామో వాళ్లతోనే తేల్పిస్తాడు. మూడో చోట పెద్దాయన సామాన్లు ఇచ్చి పక్కన కూర్చుంటాడు, అంతే. మొదటి గుంపు పని బాగానే చేసింది, పెద్దాయన గదిలో ఉన్నంతసేపు. ఆయన బయటకు వెళ్లగానే చేతులు ఆగిపోయాయి. రెండో గుంపు ఆయన ఉన్నా లేకపోయినా పని సాగించింది. మూడోది అన్నిటికంటే తక్కువ పనీ, అధ్వానమైన పనీ చేసింది.

'తగు' ఈ మూడింటిలో ఏది? చూడటానికి మొదటిదిలా ఉంటుంది. ముద్ర ఉంది, సంతకం ఉంది, ఆజ్ఞ వాసన ఉంది. లోపల మూడోది. ఏం చేయమన్నదీ లేదు, ఎంతవరకు చేయవచ్చన్నదీ లేదు. పోనీ స్వేచ్ఛ అనుకుందామా, చేసిన పని వికటిస్తే మెమో మాత్రం తప్పదు. లెవిన్ పిల్లల మూడో గుంపుకు కనీసం భయం లేదు. బందరు 'తగు'లో స్వేచ్ఛా లేదు, ఆదేశమూ లేదు, భయం ఒక్కటే నిండుగా ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అయితే ఇదే బందరులో 'తగు' అనే మాటకు అంకె కట్టిన వాళ్లున్నారు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య కొన్నాళ్లు వైద్యం చేసి, అది వదిలి రాజకీయంలో దిగి, 1923 నవంబరులో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. నవంబరు 20న రిజిస్టరు, 28న వ్యాపారం మొదలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా బ్యాంకుల పద్ధతి ఒకటి నిలిచే ఉంది. ఏ మేనేజరు ఎంతవరకు అప్పు మంజూరు చేయవచ్చో రూపాయల్లో రాసి ఉంటుంది. ఆ గీత లోపల ఆయన మాటే శాసనం, దాటితే పై ఆఫీసుకు పోవాలి. 'తగు రుణం ఇవ్వగలరు' అని ఏ బ్యాంకూ రాయదు. అలా రాస్తే మర్నాటికి తలుపులు మూసుకోవాలి.

ఇంకా ముచ్చటైన సంగతి, బంగారం తాకట్టు. చిలకలపూడి రోల్డ్‌గోల్డు దేశమంతటా పోయే ఊరు బందరు. ఊళ్లో సగం మందికి ఇత్తడిని బంగారంలా మెరిపించడం వృత్తి. అలాంటి చోట నగ తీసుకుని అప్పిచ్చే బ్యాంకు ఎంత ధైర్యం చేయాలి! మేనేజరుకు బంగారం తెలియదు. గీటురాయి మీద గీసి, రంగు చూసి, ఇది సరుకు, ఇది కాదు అని చెప్పేది అప్రైజరు. రాబడి చూస్తే మేనేజరు ముందు అతనెంత! అయినా ఆ ఒక్క నిమిషం బ్రాంచి అంతా అతని వేలి కొసకు వేలాడుతుంది. తప్పు చెబితే బాధ్యత అతనిదే, ఒప్పు చెబితే మాట అతనిదే. అందుకే అంత జాగ్రత్తగా చూస్తాడు. లస్కరు దగ్గరకు వెళ్లే ముందు ఈ అప్రైజరును గుర్తుపెట్టుకోవాలి.

చర్య

లస్కరు దగ్గరున్న సామగ్రి ఒక సైకిలు, ఒక టార్చిలైటు, ఒక గెడ, షట్టరు మర తిప్పే ఇనుప హ్యాండిలు. పక్క కాలువ లస్కరు రిటైరైతే ఆ కాలువ కూడా ఇతని సైకిలుకే తగులుకుంటుంది. విజయవాడలో కృష్ణకు అడ్డంగా 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజి, అక్కడినుంచి తూర్పు గట్టు కాలువ, పులిగడ్డ దగ్గర నదినే దాటించే అక్విడక్టు, ఇంత ఇంజనీరింగూ చివరకు వచ్చి ఆగేది ఈ హ్యాండిలు దగ్గర. పైనున్నవాళ్లు క్యూసెక్కుల్లో మాట్లాడతారు. ఇతను చుట్లలో మాట్లాడతాడు.

పై ఆఫీసు నమ్మేది గేజీని. రాతి మీద గీతలు, నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో రోజూ ఫోన్లో చెప్పాలి. ఇందులో ఒక తిరకాసుంది. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి వంతెన ఖానాకు అడ్డంపడితే ఎగువన నీళ్లు ఎగదన్నుతాయి. గేజీ నిండుగా చూపిస్తుంది. దిగువన బోదెలో కప్పలు కూడా అలిగి వెళ్లిపోయి ఉంటాయి. లెక్క ప్రకారం కాలువ కళకళలాడుతోంది, అర్జీ ఇచ్చిన రైతు అబద్ధమాడుతున్నాడు. డెక్క సంగతి తెలిసింది గెడ పట్టుకున్నవాడికి ఒక్కడికే.

పైగా ఇది దివిసీమ. నీళ్లు నాలుగు రోజులు ఆలస్యమైతే మెట్ట చేలో పైరు వాడుతుంది, మళ్లీ తడి తగిలితే లేస్తుంది. ఇక్కడ కింద ఉప్పుంది. పైన మంచినీళ్లు నిలబడకపోతే చౌడు పైకి తేలుతుంది. అందుకే శివారు రైతుకు వంతు కంటే వేళ ముఖ్యం.

"నీళ్లెప్పుడొస్తాయి బాబాయ్?"

"వంతు బుధవారం రా."

"బుధవారానికి నారుంటుందా?"

"నన్నడిగితే ఇప్పుడే ఎత్తుతా తలుపు. నన్నెవరడిగారు?"

గ్రెచెన్ స్ప్రైట్జర్ అనే అమెరికన్ ఆచార్యురాలు 1995లో సాధికారతకు నాలుగు పాదాలు కట్టింది. చేస్తున్న పనికి అర్థం ఉందనిపించడం, చేయగలనన్న నమ్మకం, ఎలా చేయాలో తానే నిర్ణయించుకోగలగడం, తన పని వల్ల ఏదో ఒకటి మారుతుందనిపించడం. నాలుగూ ఉంటేనే పద్యం. లస్కరుకు మొదటి పాదం పుష్కలంగా ఉంది, నీళ్లంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో పాదమూ ఉంది, చీకట్లో చప్పుడు విని ఏ తలుపు కారుతోందో చెబుతాడు. మూడో పాదం దగ్గర యతి కుదరలేదు. నాలుగోది మూడోదాని మీద ఆధారపడ్డది కనుక దానికీ గతి లేదు. పద్యం రెండు పాదాల దగ్గర ఆగి, మిగతా రెండూ తగు చర్య నిమిత్తం పంపడమైనది.

ఇక్కడ ఒక ఉపమానం చెప్పకపోతే వ్యాఖ్యాతకు నిద్ర పట్టదు. ఈ జిల్లాలోనే, మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. భామాకలాపంలో జట్టుకు నాయకుడు సూత్రధారుడు. తాళాలు పట్టుకుని రంగస్థలం పక్కన నిలబడతాడు. జట్టును నడిపేది ఆయనే, లయ ఆయన చేతిలోనే ఉంది. సత్యభామ తెర మీదుగా జడ వేసి, దమ్ముంటే నాతో వాదానికి రండి అన్నట్టు పండితులకు సవాలు విసురుతుంది. ఆ తర్వాత సూత్రధారుడే మాధవి అవుతాడు, భామకు చెలికత్తె. నాయకుడు చెలికత్తె కావడం ఏ మేనేజ్‌మెంటు స్కూల్లోనూ చెప్పరు. ఆయన చేసే పని అడగడం. ఎవరమ్మా నీ మగడు, పేరేమిటి, ఎందుకలిగావు? అడిగి తప్పుకుంటాడు. భామ ఒక మాటను ఎంతసేపు అభినయిస్తుందో ఆమె ఇష్టం. తాళం మాత్రం తప్పనివ్వడు. చింతా కృష్ణమూర్తి నడిపిన వేంకటరామ నాట్య మండలిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకోవడం వెనక ఈ ఏర్పాటు ఉంది. తాళం వేసేవాడు తానే చిందేయాలని చూసినా కలాపం చెడుతుంది, తాళం అక్కడ పెట్టి ఇంటికి పోయినా చెడుతుంది.

నిమిత్తం

ఈ మాటకు కారణమనీ, కొరకు అనీ, శకునమనీ అర్థాలున్నాయి. ఉద్యోగుల వాడుకలో ఇంకోటి ఉంది: నిమిత్తమాత్రుడు. 'నాదేముంది సార్, నేను నిమిత్తమాత్రుణ్ణి' అనని సీటు ఏ ఆఫీసులోనూ లేదు. కురుక్షేత్రంలో ఆ మాట చెప్పినవాడు అర్జునుడి చేత బాణం వేయించాడు. ఇక్కడ ఆ మాట అంటున్నవాడు బాణం కింద పెట్టేస్తాడు.

కర్త లేకపోవడమే రోగం, కర్త గట్టిగా ఉంటే అన్నీ బాగుపడతాయి అనుకునేవాళ్లకు గుడివాడ ఉదాహరణ ఉంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన వాక్యాల్లో కర్త కోసం వెతకనక్కర్లేదు, వాక్యమంతా కర్తే. జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఫిబ్రవరి 8న ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు దించారు. 55 దాటినవాళ్లంతా ఆ నెల 28న దిగిపోవాలి. మూడు వారాల గడువు. సినిమాల్లోకి వెళ్లకముందు ఆయనే గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రారుగా చేరి మూడు వారాలకే వదిలేసిన మనిషి, గడువు బహుశా అక్కడినుంచే వచ్చింది. ఒక్క కలంపోటుతో దాదాపు పద్దెనిమిది వేల మంది ప్రభుత్వోద్యోగులు, వాళ్లతోపాటు ప్రభుత్వ రంగ సంస్థల్లో పదివేల మంది ఇంటిదారి పట్టారు. ఏ ఫైలు ఏ కట్టలో ఉందో, ఏ తాళం ఏ బీరువాదో తెలిసిన తలలు ఒకే సాయంత్రం ఆఫీసు మెట్లు దిగాయి. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయం చెల్లుతుందని తీర్పిచ్చేనాటికి వయసు తిరిగి 58కి చేరనే చేరింది. ఇలాంటి కర్త కింద పనిచేసేవాడు ఏం నేర్చుకుంటాడు? మరో ఉత్తర్వు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటాడు. కర్త లేని వాక్యమూ, కర్త ఒక్కడే ఉన్న వాక్యమూ కింది మెట్టు మీద ఒకే ఫలితమిచ్చాయి.

నిమిత్తానికి శకునమన్న అర్థం దివిసీమకు బాగా తెలుసు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చి ఒక్క రాత్రిలో ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప పేర్లు రాష్ట్రమంతటికీ తెలిసింది అప్పుడే, శవాల లెక్కతో పాటు. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఊరికీ ఊరికీ మధ్య కబురు లేదు. తుఫాను జాడ తెలిసిన పల్లెకారు ఆకాశం చూసి ఏదో కీడని అనుకుని ఉండవచ్చు, కానీ ఊరు ఖాళీ చేయమని చెప్పగల అధికారి ఆ ఒడ్డున లేడు. పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే మరో భీకర తుఫాను తీరం దాటింది. అప్పుడు పోయిన ప్రాణాలు వెయ్యికి లోపు. అదీ తక్కువ కాదు. కానీ లక్ష మందికి పైగా ముందే ఒడ్డు వదిలి వెళ్లగలిగారు. మధ్యలో వచ్చినవి చాలా ఉన్నాయి: తుఫాను షెల్టర్లు, ఉపగ్రహం నుంచి నేరుగా తీర గ్రామాల్లో సైరను మోగించే పరికరాలు, 1985లో తాలూకాలను చీల్చి పెట్టిన మండలాలు. అవనిగడ్డ తహసీల్దారు ఎక్కడో ఉండటానికీ, నాగాయలంకకే ఒక మండల అధికారి ఉండటానికీ తేడా ఆ రాత్రి తెలిసింది. ఆ సైరను చేసిన పని గమనించాలి. అది మెట్టు మెట్టుకూ ఆగి సంతకం అడగలేదు.

పాఠాంతరాలు

'సత్వర చర్య నిమిత్తం' అని ఒక పాఠం. సత్వర అంటే అర్జీదారు రెండోసారి వచ్చాడని అర్థం. 'చర్య తీసుకుని నివేదిక సమర్పించవలెను' అని మరొకటి, ఇది ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్డు జతపడినప్పుడు కనిపిస్తుంది. 'డూ ది నీడ్‌ఫుల్' అని మ్లేచ్ఛ పాఠం. ఇటీవలి ప్రతుల్లో ఎక్కువగా కనిపించేది వాట్సాప్ పాఠం: తెల్లవారుజామున ఒక ఫార్వర్డు, కింద 'ఆల్ నోట్' అని రెండు ముక్కలు. దానికి ముప్పై మంది 'నోటెడ్ సార్' అంటారు. ఎవరు నోటు చేసుకున్నారో ఆ గ్రూపు అడ్మిన్‌కే ఎరుక.

ఈ చివరి పాఠానికి నిలయం గ్రామ సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ ఏర్పాటులో ఊరికి పది మంది దాకా ఉద్యోగులు వచ్చారు. డిజిటల్ అసిస్టెంటు, వెల్ఫేర్ అసిస్టెంటు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకుడు, ఏఎన్‌ఎం, మహిళా పోలీసు. ఊళ్లోనే పని, ఊళ్లోనే మనుషులు. అధికారం గడప దగ్గరకు రావడమంటే ఇదే అన్నారు, ఉద్దేశం మంచిదే. కానీ ప్రతి ఒక్కరికీ ఒక మాతృశాఖ ఉంది, పైన ఎంపీడీవో ఉన్నారు, పక్కన పంచాయతీ కార్యదర్శి ఉన్నారు. పొద్దున హాజరుకు ముఖం చూపించాలి, మధ్యాహ్నం సర్వేకు ఇంటింటికీ తిరగాలి, సాయంత్రం వేరే యాప్‌లో ఫొటో ఎక్కించాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పై అధికారులు ఎక్కువైతే మజ్జిగ ఉండదు, చల్లకుండే మిగులుతుంది.

పూర్వపక్షం

"కిందివాడి చేతిలో అధికారం పెడితే మింగి కూర్చుంటాడు. కరణాలు చేసిందేమిటి?" అని గుడివాడ నుంచి ఒక పెద్దాయన లేస్తాడు. కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. కరణం దగ్గర అన్నీ ఉన్నాయి, ఊరి లెక్క, పొలం గట్టు, ఎవరి తాత ఎవరికి ఏం రాసిచ్చాడో ఆ చిట్టా. నిర్ణయం అతనిదే. కానీ అతన్ని అడిగేవాడు లేడు, ఆ లెక్క మరొకరికి తెలియదు, ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. 1984 జనవరి 6న రామారావు ప్రభుత్వమే ఆర్డినెన్సుతో కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. కరణాన్ని చూపించి లస్కరు చేతులు కట్టేయడం మాత్రం న్యాయం కాదు. కరణానికి ఉన్నది గుత్త. అప్రైజరుకు ఉన్నది అధికారం, అతని సంతకం కాగితం మీద ఉంటుంది, తప్పయితే పట్టుకోవచ్చు. రెండింటినీ ఒక గాటన కట్టడం పూర్వపక్షికి సౌకర్యంగా ఉంటుంది, అంతే.

"మరి నీటి సంఘాలు పెట్టారు కదా?" అని ఇంకో ప్రశ్న. పెట్టారు. 1997లో చట్టం చేసి, ఆ ఏడాదే ఎన్నికలు జరిపి రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలు నిలబెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి చూడటానికి వచ్చారు. కాలువ బాగు రైతుల చేతికి ఇవ్వడం గొప్ప ఆలోచనే. తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా సంఘాల ఊపిరి ఆగుతూ, అందుకుంటూ వచ్చింది. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. లస్కరు వైపు నుంచి చూస్తే జరిగింది ఇంత: ఇంతకుముందు ఇంజనీరు తిట్టేవాడు, ఇప్పుడు సంఘం అధ్యక్షుడు కూడా తిడతాడు. తలుపు ఎన్ని చుట్లు ఎత్తాలో అప్పుడూ ఇప్పుడూ అతన్ని అడిగిన పాపాన పోలేదు.

శేషం

పైకి వెళ్లిన జవాబు వరస ఇలా ఉంది: "పై విషయమై తగు చర్య తీసుకోవడమైనది." వాక్యం ఎలా దిగిందో అలాగే ఎక్కింది, ఒంటికి తడి అంటకుండా. రైతు సెల్లుకు అర్జీ పరిష్కారమైందని సందేశం వెళ్లింది.

ఫైలు వెనక, గుండుసూదితో గుచ్చిన నోటుబుక్కు కాగితం ఒకటి ఉంది. చేతిరాత వంకర, అక్కడక్కడా తడికి సిరా అలుముకుంది. "సార్, వంతెన ఖానా కాడ డెక్క తీశాను. రాత్రి రెండింటికి తలుపు మూడు చుట్లు ఎత్తాను. వంతు కాదని తెలుసు. నారు పోతదని ఎత్తాను. పొద్దున దించేస్తాను." తీశాను, ఎత్తాను, దించేస్తాను. ఫైలంతటిలో ఉత్తమ పురుష ఏకవచనం మొదటిసారి కనిపించే చోటు ఇదే.

దాని పక్కన అంచులో, పెన్సిలుతో, ఏఈ గారి పొట్టి సంతకం పైన రెండు చిన్న వాక్యాలు: "చూశాను. ఇక మీదట మూడు చుట్ల వరకు నన్ను అడగనక్కర్లేదు, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

ఈ రెండు వాక్యాలూ ప్రక్షిప్తమని పరిష్కర్తలు తేల్చారు. ఆఫీసు వాఙ్మయంలో ఇలాంటి ప్రయోగం మరెక్కడా దొరకదు కాబట్టి ఎవరో తర్వాత చేర్చి ఉంటారని వారి వాదం. పెన్సిలు రాతకు విలువ లేదని కూడా అన్నారు. లస్కరు ఈ చర్చలో పాల్గొనలేదు. నాగాయలంక సెంటర్లో రెండు రూపాయలిచ్చి ఆ కాగితం జిరాక్సు తీయించి, మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టి, సైకిలు సీటు కింద దోపుకుని తిరుగుతున్నాడు.